ముప్పై బారల దూరం

లింగన్నకు ముందుకు నడవడం కంటే వెనక్కి నడవడమే బాగా వచ్చు. ఎగతాళికి అంటున్న మాట కాదు. తాడు పేనేవాళ్ళ పనే అంత. నడుముకు నార మూట కట్టుకుని, చక్రానికున్న కొక్కేనికి నాలుగు పోచలు తగిలించి, అవతల మనిషి చక్రం తిప్పుతూ ఉంటే, వేళ్ళ సందు నుంచి నార వదులుకుంటూ అడుగు వెనక అడుగు వేసుకుంటూ పోవాలి. పోయేకొద్దీ ముందర పోగు పెరుగుతుంది. వీపు వైపు గుంట ఉందో గోడ ఉందో తెలియదు. ఎదురుగా మాత్రం చక్రం, ఆ చక్రం తిప్పే మనిషి. లింగన్నకు చక్రం తిప్పింది అతని భార్య నాగలక్ష్మి. పెళ్ళయిన ఏడాది మొదలుకొని పన్నెండేళ్ళు తిప్పింది.

బొమ్మనహళ్ళిలో, హోసూరు రోడ్డుకు కాస్త లోపలగా, ఇప్పుడు నాలుగంతస్తుల గార్మెంట్స్ కట్టడం ఉన్నచోట, తొంభైలలో ఒక పొడుగాటి సందు ఉండేది. కన్నడం వాళ్ళు హగ్గద గల్లి అనేవాళ్ళు, మనవాళ్ళు తాళ్ళ సందు అనేవాళ్ళు. వెంకటగిరియప్ప అనే పెద్దాయన జాగా అది. వెడల్పు చూస్తే రెండు ఎద్దులబండ్లు పక్కపక్కన పట్టవు. పొడుగు మాత్రం ముప్పై బారలు. రెండు చేతులూ చాపితే ఒక బార. అలాంటి జాగాలో ఇల్లు కట్టలేరు, కొట్టు పెట్టలేరు, తాడు పేనేవాళ్ళకు మాత్రం అదే బంగారం. మడకశిర వైపు నుంచి కిత్తనార మోపులు లారీ మీద దిగేవి. నీళ్ళలో నానేసి కొట్టిన నార అది, దాని కంపుకు దారినపోయేవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. నాగలక్ష్మికి మాత్రం ఆ కంపు లేని గాలి చప్పగా ఉంటుంది, ఇప్పటికీ.

పనిలో మాటలకు చోటు లేదు. హోసూరు రోడ్డు మీద లారీల రొదలో ఎంత అరిచినా వినపడి చావదు. అన్నీ సైగలే. లింగన్న మోచెయ్యి ఎత్తితే మెల్లగా తిప్పమని. తల విదిలిస్తే వేగం పెంచమని. నడుముకున్న నార మూట మీద తడితే ఆపమని. అందుకని చక్రం దగ్గరి మనిషి నడిచే మనిషి మీదినుంచి కళ్ళు తిప్పడానికి వీల్లేదు. నాగలక్ష్మివి గద్ద కళ్ళు. సందు ఆ కొసన మొగుడి మీసం మీద నార పోచ వాలినా ఇక్కడి నుంచి కనిపెట్టేది.

ఏ ఆడదానికి దొరుకుతుంది చెప్పండి, మొగుడి మొహం రోజంతా చూసే భాగ్యం? మామూలు ఆడవాళ్ళు చూసేది అన్నం పెట్టేటప్పుడు వంగిన తలకాయ, పనికి పోయేటప్పుడు వీపు. నాగలక్ష్మికి పొద్దు పొడిచింది మొదలు పొద్దు వాలేదాకా నిండు మొహం. పైగా ఆ మొహం తనవైపే తిరిగి ఉండేది. దూరం పోతూ పోతూ కూడా వెనక్కి తిరగకుండా, పెళ్ళాన్నే చూస్తూ పోయే మొగుడు ఆ పేటలో ఇంకెవరికీ లేడు. అది తన అదృష్టమని ఆమె నమ్మింది. నమ్మిందేమిటి, దాని మీదే కాపురం కట్టుకుంది.

ఎందుకంటే ఇంట్లో కాపురానికి చోటు లేదు. ఒకటే గది. అందులో అత్త అంజినమ్మ. ఆమె మంచిదే గానీ చెవులు పాముచెవులు. మొగుడూ పెళ్ళాం ఒక ముక్క మాట్లాడుకోవాలంటే మింగేసుకోవలసిందే. ఆ మింగిన ముక్కలన్నీ నాగలక్ష్మి మర్నాడు తాళ్ళ సందులో బయటపెట్టేది. చక్రం తిప్పుతూనే కళ్ళెగరేసేది. మూతి ముడిచేది. రాత్రి అత్త గురక ఎలా పెట్టిందో బుగ్గలు పొంగించి చూపించేది. అక్కడ ముప్పై బారల అవతల లింగన్న నవ్వేవాడు. పళ్ళు తెల్లగా మెరిసేవి.

పొద్దున బయలుదేరేటప్పుడు మాత్రం అత్త వింటున్నా సరే, లింగన్న ఒక మాట అనేవాడు.

"ఎర్రచీర కట్టుకో మే."

దానికి నాగలక్ష్మి చెవులదాకా ఎర్రబడేది. సంతలో చీర కొన్నా, పండక్కి పుట్టింటివాళ్ళు పెట్టినా, ఎరుపే ఎంచుకునేది. పక్క గదిలో ఉండే ఓబులమ్మ ఊరుకునేది కాదు.

"నీ మొగునికి ఎరుపంటే పిచ్చి పట్టుండాది మే. నువ్వు ఇంగో రంగు కడితే గుర్తు కూడా పట్టడేమో!"

నాగలక్ష్మి మురిసిపోయేది.

తొంభై మూడులో, ఎండలు మొదలైన నెలలో, ఆమెకు నెల తప్పింది. మొగుడికి చెప్పాలి. గదిలో చెప్పడానికి సిగ్గు. ఆ రోజు సందులో లింగన్న ఇరవై అయిదు బారలు పోయేదాకా ఓపిక పట్టి, ఎడమచేత్తో చక్రం తిప్పుతూ కుడిచెయ్యి కడుపు మీద పెట్టుకుంది. పెట్టుకుని అతని కళ్ళలోకి చూసింది. లింగన్న నవ్వాడు. మామూలు నవ్వు కాదు, మొహమంతా నవ్వు. నవ్వుతూనే నార వదులుకుంటూ వెనక్కి పోయాడు. పుట్టిన పిల్లకు రేణుక అని పేరు పెట్టారు. రేణుక బడికి పోయే వయసు వచ్చినా, పెద్దదయినా, ఆ నవ్వు నాగలక్ష్మి కళ్ళముందే ఉంది. కష్టం వచ్చినప్పుడల్లా దాన్ని తీసి చూసుకునేది.

తర్వాత జరిగిందేమిటో మీకూ తెలుసు. నైలాను తాడు వచ్చింది. పచ్చగా, నీలంగా, వానకు తడిసినా కుళ్ళదు. బావులు పోయి బోర్లు వచ్చాక చేంతాడుతో పని లేదు. ఎద్దులు పోయాక పలుపుతో పని లేదు. ఆఖరికి రెండు వేల సంవత్సరంలో వెంకటగిరియప్ప సందును పక్కవాడి జాగాతో కలిపి అమ్మేశాడు. అమ్మిన రోజు చక్రాన్ని తనే మోసుకొచ్చి వీళ్ళ గుమ్మం ముందర దించాడు.

"దీన్ని నేనేం చేసుకునేదప్పా, మీరే పెట్టుకోండి" అన్నాడు. కన్నీళ్ళు పెట్టుకున్నాడు కూడా. అయినా అమ్మకుండా మాత్రం ఉండలేదు.

చక్రం మిద్దె మీదికి చేరింది. ఓబులమ్మ దాని మీద బట్టలు ఆరేసుకునేది.

లింగన్న ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంప్యూటర్ల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. రాత్రి డ్యూటీ. నాగలక్ష్మి గార్మెంట్స్‌లో చేరింది. ఎక్కడనుకున్నారు? తాళ్ళ సందు మీద లేచిన ఆ నాలుగంతస్తుల కట్టడంలోనే. మూడో అంతస్తులో వరసగా మిషన్లు. ఆమె ముందు ఇంకో ఆడమనిషి వీపు, ఆ ముందు ఇంకో వీపు. రోజంతా కాలర్లు కుడుతూ ఆ వీపులు చూసేది. మొగుడు పొద్దున ఏడింటికి ఇంటికొచ్చేవాడు, ఆమె ఏడుంబావుకు బయలుదేరేది. సాయంత్రం ఆమె వచ్చేసరికి అతను బూట్లు కట్టుకుంటూ ఉండేవాడు. ఆదివారాలు అతనికి నిద్ర చాలేది కాదు, ఆమెకు బట్టలు ఉతకడానికే పొద్దు చాలేది కాదు. అంజినమ్మ కాలం చేసింది, రేణుక బడి పుస్తకాల్లో మునిగి ఉంటుంది, గదిలో ఇప్పుడు మాట్లాడుకోవచ్చు, ఎవరూ వినరు. మాట్లాడుకోవడానికి ఇద్దరూ ఒకేసారి ఉండాలి కదా.

మొగుడు దూరదేశం పోతే బెంగపెట్టుకున్నవాళ్ళు ఉంటారు. నాగలక్ష్మికి ఇంట్లో మొగుణ్ణి పెట్టుకుని బెంగ. నిద్రపోతున్న అతని మొహం పక్కన కూర్చునేది ఒక్కోసారి. కళ్ళు మూసుకున్న మొహంతో ఆమెకేం పని? తనను చూసే మొహం కావాలి. ముప్పై బారలు దూరం పోతూ కూడా తనమీదినుంచి చూపు తిప్పని ఆ కళ్ళు కావాలి. ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారు, ముప్పై ఆరేళ్ళదానికి ఇవేం కోరికలని. చెప్పలేదు.

లింగన్నకు కంపెనీలో మహా మర్యాదస్తుడని పేరు. కారణం చెబితే నవ్వొస్తుంది. వచ్చిన ప్రతి బండికీ సెల్యూట్ కొట్టేవాడు. కారుకూ కొట్టేవాడు, నీళ్ళ ట్యాంకరుకూ కొట్టేవాడు. కొన్నేళ్ళు అలా మర్యాదగా గడిచిపోయింది. రెండు వేల ఆరులో ఒక తెల్లవారుజామున కంపెనీ పెద్దమనిషి కాలినడకన వస్తే గేటు దగ్గర ఆపి, "ఎవరు కావల్ల సార్?" అని అడిగాడు. ఆ వెనకే వచ్చిన చెత్తబండికి మాత్రం నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. అద్దాలు పెట్టుకుంటే తప్ప డ్యూటీ లేదన్నాడు సూపర్‌వైజరు.

ఆ ఆదివారం ఇద్దరూ కలిసి ఎలక్ట్రానిక్ సిటీలో రియాజ్ అనే కుర్రాయన కళ్ళద్దాల కొట్టుకు పోయారు. నలభై దాటాయి కదా, చత్వారం అయ్యుంటుందిలే అనుకుంది నాగలక్ష్మి. లింగన్న కుర్చీలో కూర్చుని గోడ మీది అక్షరాలను అలా చూస్తూ ఉండిపోయాడు. చదువు రాదు గనక రియాజ్ బొమ్మల అట్ట పెట్టాడు. పైన ఉన్న పెద్ద ఏనుగును కూడా లింగన్న పోల్చుకోలేదు. రియాజ్ అద్దం మార్చాడు, ఇంకోటి మార్చాడు, మార్చుతూనే ఉన్నాడు.

"ఇది ఇప్పుడు వచ్చింది కాదక్కా" అన్నాడు చివరికి. "చిన్నప్పటి నుంచే ఉండాది. దగ్గరిది శానా బాగా కనపడుతుంది, చేతిపని ఏదైనా చేస్తాడు. పది అడుగులు దాటితే మాత్రం ఎదుటి మనిషి మొహం తెలీదు. ఉత్త ఆకారమే."

"చిన్నప్పటి నుంచేనా?" అంది నాగలక్ష్మి.

"అవునక్కా. యాల, నీకు తెలీదా?"

ఆమెకు తెలియదు. తెలిసే దారి కూడా లేదు. తాడు పనిలో సైగ చేసేది నడిచేవాడు, చూడవలసింది చక్రం తిప్పేవాళ్ళు. నడిచేవాడు గుడ్డివాడైనా పని ఆగదు. ముప్పై బారల అవతల నిలబడి లింగన్న ఏమీ చూడనక్కర్లేదు. ఏమీ చూడలేదు.

బస్సులో అతని పక్కన కూర్చుని నాగలక్ష్మి పన్నెండేళ్ళూ ఒక్కొక్కటిగా తీసి చూసుకుంది. కళ్ళెగరేసింది ఎవరికి? మూతి ముడిచింది ఎవరికి? నగల మూట విప్పితే లోపల గులకరాళ్ళు ఉన్నట్టయింది. బొమ్మనహళ్ళి స్టాపు వచ్చేసరికి ఇంకొకటి తట్టింది. ఎర్రచీర. ఎర్రచీర కట్టుకోమన్నది ముద్దుకు కాదు. చక్రం ఎక్కడుందో తెలియడానికి. రోడ్డు మీద పాతిన ఎర్రజెండా ఎందుకో, ఆమె చీర కూడా అందుకే. ఓబులమ్మ ఎగతాళికి అన్న మాట అక్షరాలా నిజమైంది. దిగేటప్పుడు ఆమెకు మెట్టు కనపడలేదు. కళ్ళు బాగున్నది తనకే మరి.

అద్దాలు వచ్చాయి. లింగన్న గేటు దగ్గర పెట్టుకునేవాడు, డ్యూటీ దిగగానే తీసి జేబులో వేసుకునేవాడు. "ముక్కుమీద ఏదో పాకినట్ల ఉండాది" అనేవాడు. నాగలక్ష్మి అతనితో మాట్లాడటం మానేసింది. రెండు నెలలు మానేసింది. అతను గమనించలేదు. ఏడింటికి ఒకరు, ఏడుంబావుకు ఒకరు మారే ఇంట్లో అలిగినా తెలిసి చావదు.

అప్పుడు వచ్చింది తాడు పని. కంపెనీలో వర్షిణి అని ఒక అమ్మాయి ఉంది, ఉద్యోగుల ఆటలూ పాటలూ చూసుకుంటుంది, విజయవాడ వైపు పిల్ల. ఒక రోజు గేటు దగ్గర ఆగి అడిగింది.

"లింగన్నగారూ, మీరు ఇదివరకు తాళ్ళు చేసేవారట కదా? పోయినేడు యాన్యువల్ డేకి తాడు లాగే పోటీ పెడితే నైలాన్ తాడు జారి ఇరవై మంది చేతులు కాలిపోయాయండీ. వారం రోజులు టైపింగ్ లేదు, పాపం. ఈసారి నార తాడు కావాలి. మంచి లావుది. చెయ్యగలరా?"

లింగన్న ఇంటికి పరుగున వచ్చాడు. ఆ పొద్దున నాగలక్ష్మికి ఏడుంబావు అయిపోతోంది. గుమ్మంలో అడ్డంగా నిలబడి చెప్పాడు, చిన్నపిల్లాడికి తాయిలం దొరికినట్టు.

"కంపెనీ వెనకాల కొత్త సిమెంటు రోడ్డు ఉండాది మే. నేను అడుగులేసి చూస్తి. సరింగా ముప్పై బారలు."

చెయ్యను అనేద్దామని నోటిదాకా వచ్చింది. ఎంత కోపం ఉండనీ, ఆ దూరం ఆమెకు ఆరేళ్ళుగా కలలోకొస్తున్న దూరం. చేద్దాం అంది. మిషను ముందు కూర్చున్నాక మాత్రం, ఎర్రచీర కట్టను అని గట్టిగా అనుకుంది. బూడిదరంగుది కడతాను. ఎలా నవ్వుతావో చూస్తాను.

మడకశిర నుంచి నార తెప్పించారు. మిద్దె మీది చక్రాన్ని దించి, ఓబులమ్మ బట్టలు తీసి, ఇరుసుకు ఆముదం పోశారు. ఆదివారం పొద్దున కంపెనీ వెనక్కి చేరారు. ఎప్పుడో కట్టబోయే కట్టడానికి ముందుగా వేసి పెట్టిన రోడ్డు అది. బూడిదరంగు సిమెంటు. పక్కన బూడిదరంగు ప్రహరీ. వర్షిణి మనుషులు నార తడుపుకోవడానికి ఒక ప్లాస్టిక్ బకెట్టుతో నీళ్ళు పెట్టిపోయారు. మూడు పాయల తాడుకు పాయకు పన్నెండు పోగులు కావాలి. మొదలుపెట్టారు.

"ఎర్రది కట్టుకోలేదా?" అన్నాడు లింగన్న కొక్కేనికి నార తగిలిస్తూ.

"చినిగిపోయినాయి."

అతను వెనక్కి అడుగు వేశాడు. అయిదు బారలు బాగానే పోయాడు. పది దాటేసరికి పోగు పక్కకు లాగింది. లింగన్న నొసలు ముడుచుకుని కళ్ళు చిట్లించి వెతుకుతున్నాడు. ప్రహరీ వైపు ఒరిగి ఒరిగి వీపు గోడకు తగిలించుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు. ఇంకో నాలుగు బారలు పోయాక అతని మొహం తేలికపడింది. ఇటే చూసి హాయిగా నవ్వాడు.

నాగలక్ష్మి గుండె ఒక్కసారి ఎగిరింది. తర్వాత అతని చూపు వెంట చూసింది. అతను నవ్వుతున్నది ఆమెకు కాదు. చక్రానికి ఆరడుగుల ఇవతల పెట్టిన బకెట్టుకు. అది ఎర్ర బకెట్టు.

ఆమె చక్రం ఆపేసింది. నడిచేవాడు తట్టకుండా చక్రం ఆపడం పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. పోగు కొసను కొక్కేనికి బిగించేసి వచ్చి ప్రహరీ నీడలో కూలబడింది. లింగన్న కంగారుగా తన కొసను రాతికింద పెట్టి వచ్చాడు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు.

"బకెట్టును చూసి నవ్వుతాండావు" అంది.

"ఏ బకెట్టు?"

"నా మొగం నీకు కనపడేది కాదు కదా? తాళ్ళ సందులో. ఒక్కనాడు కూడా."

లింగన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"దూరం పోతే లేదు మే."

"మల్ల చెప్పలేదేమి నాకు?"

"చెప్పేకి ఏముండాది? అందరికీ అట్లనే అనుకుంటి. దూరం పోతే మనిషి మసకైపోతాడు, దూరం అంటేనే అంత అనుకుంటి. ఆ రియాజ్ అద్దాలు పెట్టినాకనే తెలిసింది, కాదని."

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఆమెకు ఇంకా ఏడుపు వచ్చింది. అబద్ధమైతే తిట్టి ఉండేది.

"రేణుక కడుపున పడినప్పుడు నేను చక్రం కాడినుంచి చెప్పితిని కదా మామా. కడుపు మీద చెయ్యి పెట్టి. నువ్వు నవ్వితివి కదా!"

లింగన్న జ్ఞాపకం తెచ్చుకోవాలని నిజంగానే ప్రయత్నించాడు, ఆమె కోసం.

"నాకు అమ్మ చెప్పె" అన్నాడు మెల్లగా. "నాలుగు దినాలైనాక."

"మరి యాల నవ్వితివి?"

"నీ దిక్కు చూస్తే నవ్వొచ్చేది. ఎర్రగా అగపడేది నువ్వే కదా. అంతే."

అంతే అంటే సరిపోతుందా? ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తను ఆ సందులో నవ్విన నవ్వులు, పెట్టిన ముద్దులు, తండ్రి పోయిన వారంలో చక్రం తిప్పుతూ కార్చిన కన్నీళ్ళు, అన్నీ గాలికి చెప్పుకున్నట్టే. ఇరవై ఏళ్ళ వయసులో తన మొహం ఎంత బాగుండేదో చూసిన మొగాడు ఈ భూమ్మీద ఒక్కడూ లేడు. చూశాడనుకున్నవాడు ఎర్ర మచ్చను చూశాడు. లింగన్నకు ఓదార్చడం చేతకాదు. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి లేచాడు.

"పోగు సగంలో ఉండాది. ఎండకు ఆరిపోతుంది. లెయ్ మే."

ఆమె లేచింది. పోతూ పోతూ బకెట్టును కాలితో ఒక్క తన్ను తన్నింది. అది దొర్లుకుంటూ పోయి నీళ్ళు పారబోసుకుని మట్టికుప్ప అవతల పడింది. చక్రం పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది.

లింగన్నకు ఇప్పుడు ఎదురుగా గురి అంటూ ఏమీ లేదు. బూడిదరంగు రోడ్డు, బూడిదరంగు గోడ, బూడిదరంగు చీర. పదిహేను నుంచి ఇరవైకి పోయాడు, పోగు వంకరపోయింది. ఇరవై నుంచి ఇరవై అయిదుకు పోయాడు, ఇంకా వంకరపోయింది. ఆగాడు. నార పట్టిన కుడిచెయ్యి అలాగే బిగించి ఉంచి, ఎడమచేత్తో చొక్కా జేబు తడుముకున్నాడు. నారదుమ్ము పడుతుందని పొద్దుటి నుంచి అద్దాలను బయటికి తియ్యలేదు. ఇప్పుడు తీశాడు. పళ్ళతో ఒక కాడ విప్పి అద్దాలు ముక్కుమీద పెట్టుకున్నాడు. చక్రం కోసం వెతికాడు, దొరికింది. సర్దుకుని మళ్ళీ వెనక్కి నడిచాడు. ముప్పయ్యో బార దగ్గర, రోడ్డు కొసన, ఆనవాయితీ ప్రకారం ఆగి తల పైకెత్తాడు.

నాగలక్ష్మి చూస్తూనే ఉంది. అలవాటు పోదు కదా. అతని చూపు చక్రం మీదినుంచి పైకి లేచింది, ఆమె చేతి మీదికి వచ్చింది, భుజం మీదికి వచ్చింది, వచ్చి ఆమె కళ్ళలో ఆగింది. ఇన్నేళ్ళూ ఆ చూపు తనమీదే ఉందనుకుంది గానీ, ఉండటమంటే ఏమిటో ఆమెకు ఆ క్షణందాకా తెలియదు.

లింగన్న చెయ్యి వదిలేశాడు.

తాడు పేనేవాడు పోగు వదలడు. తుమ్ము వచ్చినా వదలడు, తేలు కుట్టినా వదలడు. వదిలితే ఎక్కిన పురి అంతా ఒక్కసారి తిరగబడుతుంది. ముప్పై బారల పోగు సిమెంటు మీద దెబ్బతిన్న పాములా మెలికలు తిరిగి ముడులు ముడులు పడిపోయింది. లింగన్న దాన్ని చూడనైనా లేదు. చేతులు వేలాడేసి అలా నిలబడిపోయాడు.

గుండెనొప్పి అనుకుంది నాగలక్ష్మి. పిడి వదిలేసి పరుగెత్తింది. చెప్పు ఒకటి ఊడిపోయింది. కొప్పు వీడిపోయింది. "మామా, మామా" అని అరుస్తూ సగం దూరం వచ్చేసరికి అతను రెండు చేతులూ ముందుకు చాచి గట్టిగా అరిచాడు.

"రావద్దు! ఆడనే నిలబడు!"

ఆమె నిలబడిపోయింది.

"ఏమైంది మామా?"

"ఏమీ కాలేదు. దగ్గర నుంచి దినమూ చూస్తానే ఉండాను. రోంతసేపు ఆడనే ఉండు."

రోడ్డు నడిమధ్యన, ఒంటికాలి చెప్పుతో, ఏం చెయ్యాలో తెలియక ఆమె నిలబడింది. అతను చూస్తున్నాడు. ఏడ్చి ఉబ్బిన మొహం, కళ్ళకింద నలుపు, చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు, అన్నీ అతనికి కనపడుతున్నాయని ఆమెకు తెలుస్తోంది. ఇన్నాళ్ళకు చూసేది ఈ మొహాన్నా అని ఆమెకు మళ్ళీ దుఃఖం ముంచుకొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకోబోయింది.

"తుడుచుకోవద్దు మే" అని అక్కడినుంచి అరిచాడు లింగన్న. "చెయ్యి అడ్డమొస్తాండాది."

నాగలక్ష్మి చెయ్యి దించింది.